ఆరోగ్యమ్మ పాపసంకీర్తనం

ఆ సెప్టెంబరు పద్నాలుగు సాయంత్రం, ఘాజియాబాద్ తెలుగు కూలీల బస్తీలోని తన గదిలో శౌరయ్య ఫాదర్ చల్లారిన కిచిడీ తింటుంటే ముసలి ఆరోగ్యమ్మ వచ్చింది.

"రేపు రోమ్‌కి చదువుకి పోతన్నారంట గదా! నాలుగేళ్ళ పాపాలూ ఇప్పుడే చెప్పేస్తా ఫాదర్‌గారూ."

"ఇన్నాళ్ళూ దాచావా?"

"మీరొచ్చేలోగా చేయబోయేవి! కొత్త ఫాదరుకి హిందీయే వచ్చంట, నాకేమో రాదు. కోడల్ని తిడతా. ఆదివారం పూజ ఎగ్గొడతా. క్షమించేయండి."

"చేయని పాపాన్ని ఎలా క్షమించనమ్మా? తిరిగొచ్చాక వింటాగా."

"అందాకా నేనుండొద్దా?"

శౌరయ్య చేతిలో ముద్ద ఆగింది. పదేళ్ళలో ఇక్కడ తను ఎవరికీ పనికిరాలేదన్న విసుగుతోనే ఆయన ఆ చదువుకి ఒప్పుకున్నాడు.

చెయ్యి కడుక్కొచ్చి కూర్చున్నాడు. "ఇవాళ్టిదాకా చేసినవి చెప్పమ్మా. తొందరేం లేదు."

అన్నీ చెప్పుకుని లేచింది. "అలిసిపోయారు, పడుకోండి" అంటూ, వెళ్తూ వెళ్తూ గది తలుపు తనే మెల్లగా దగ్గరికి వేసింది.