బయటికి రాని ఒక్క పేరు

విశ్వవిద్యాలయంలో పరిశోధకులందరూ లెక్కలు వేసుకునే పెద్ద కంప్యూటర్‌ను చూసుకోవడం నా ఉద్యోగం. దాన్ని ఆపే ముందు అందరి తెరల మీదికీ ఒక మాట పంపుతాను: పని భద్రపరచుకుని బయటికి రండి. పనిచేస్తున్నవాళ్ల జాబితాలో చివరి పేరు పోయేదాకా ఆపను. అది నేను పెట్టిన పద్ధతి.

ఆ రాత్రి దాన్ని ఆపి పాత ఫైళ్లన్నీ తుడిచేయమన్నది, నా భార్య పరిశోధనకు గైడ్‌గా ఉన్న ప్రొఫెసరే. ఆమె బతికుండగా ఆమె లెక్కలు చెత్తన్నాడు. పోయాక వాటిని తన పేరుతో అచ్చు వేయించుకున్నాడు. వాటి అసలు ప్రతి మిగిలింది ఈ కంప్యూటర్‌లోనే.

మాట పంపాను. పేర్లన్నీ పోయాయి, ఆమె పేరు తప్ప. ఆమె పక్క గదిలో కూర్చుని పనిచేస్తున్నట్టు నా తెర చూపిస్తోంది. ఆ గదికి సాయంత్రం తాళం వేసింది నేనే.

గోడ అవతల కీబోర్డు మీటల చప్పుడు వినిపించింది. గైడ్‌కి ఫోన్ చేశాను.

“సార్, మా ఆవిడ ఇంకా పని చేసుకుంటోంది.”

“మతి పోయిందా ఏమయ్యా? తుడిచెయ్, పీడా పోతుంది.”

“ఆ మాట మీరే వచ్చి చెప్పండి సార్.”

తిట్టుకుంటూ వచ్చాడు. తన తాళంచెవితో పక్క గది తెరిచాడు. మీటల చప్పుడు ఆగింది.

“ఎవరమ్మా నువ్వు? ఇటు తిరుగు” అన్నాడు.

అతని వెనక తలుపు దానంతటదే మూసుకుంది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. చాలాసేపటికి మీటలు మళ్లీ మొదలయ్యాయి. నా తెర మీద ఒక మాట వచ్చింది.

“ఏమండీ, ఇంకొక్క ఐదు నిమిషాలు. సార్ కూడా ఇక్కడే ఉన్నారు.”

నేను కుర్చీలోంచి లేవలేదు.

“తొందరేం లేదు” అని జవాబు రాశాను.