మిల్లు వీధి ఓటు

మిల్లు వీధిని వదులుకుందామా వద్దా అని అడిగితే అటు నాలుగు, ఇటు నాలుగు చేతులు లేచాయి. ఇక మిగిలింది అధ్యక్షురాలి ఓటు. అందరి కళ్ళూ మోర్విద్ బెనన్ మీద పడ్డాయి.

స్వాన్సీ నగరం చివర, కొండవాలులో ఉన్న నాంట్‌గోచ్‌కు సొంతంగా ఒక చిన్న కమ్యూనిటీ కౌన్సిల్ ఉంది. దాని ఆస్తి అంతా కలిపి ఒక ఆటస్థలం, రెండు బస్ షెల్టర్లు, ఒక శ్మశానం. నెలకోసారి చాపెల్ వెనక గదిలో కూర్చుని కుక్కల పెంట గురించీ వీధి దీపాల గురించీ కొట్టుకోవడం దాని పని. ఎన్నికలొస్తే పోటీకి దిగే నాథుడుండడు, బతిమాలి కూర్చోబెట్టాలి. అలాంటివాళ్ళకు ఆ సాయంత్రం ఎవరూ కోరుకోని పని పడింది.

వరదల తర్వాత వాగును మళ్ళించారు. దాంతో మిల్లు వీధి వాగుకు అవతల పడింది. సరిహద్దు వాగు వెంటే ఉంటే అందరికీ సుఖమని, ఆ వీధిని పక్కనున్న ట్రెవెర్న్‌లో కలిపేద్దామా అని నగర కౌన్సిల్ అడిగింది. సరేనంటే వచ్చే నెల, ఏప్రిల్ నుంచే అమలు. కాదంటే మళ్ళీ విచారణలు, మరో ఏడాది పాత పద్ధతే.

చెత్తబండి మారదు, పిల్లల బడి మారదు. మారేది ఒక్కటే. నాంట్‌గోచ్ శ్మశానంలో నాంట్‌గోచ్ వాళ్ళకే చోటు. ముందుగా చోటు అట్టేపెట్టుకోవడం కుదరదు. పోయేనాటికి ఇల్లు ఎక్కడుంటే అక్కడి మట్టే. పైగా అక్కడ మిగిలిన జాగా కూడా గోడవారన కాస్తే, అదీ మోర్విద్ కూతురు లౌరి సమాధిని ఆనుకుని.

లౌరి పందొమ్మిదేళ్ళకే రోడ్డు ప్రమాదంలో పోయింది. మోర్విద్‌కు ఇంకెవరూ లేరు. చివరికి కూతురి పక్కన పడుకోవాలన్న ఆశ ఒక్కటే మిగిలిందని ఊరందరికీ తెలుసు. ఆమె ఇల్లు మిల్లు వీధిలోనే ఉంది.

ఎదురిల్లు ఇద్వాల్‌ది. ఇంకా యాభై నిండలేదు, ఊపిరితిత్తుల్లో క్యాన్సర్. జూన్ దాటడని డాక్టర్లు చెప్పేశారు. ఆక్సిజన్ గొట్టం ముక్కుకు పెట్టుకుని, చక్రాల కుర్చీలో వెనక వరసలో కూర్చున్నాడు. ఇన్నేళ్ళూ లౌరి సమాధి మీద గడ్డి కోసింది అతనే. ఏటా అక్కడ డాఫోడిల్ పూల దుంపలు నాటింది అతనే. కడుపున పుట్టినవాడు కూడా అంత చేయడని ఆడవాళ్ళు చెప్పుకునేవారు. అతను మంచం పట్టాక మోర్విద్ ప్రతి ఆదివారం గొర్రెమాంసం పులుసు కాచి పట్టుకెళ్ళేది.

"కానియ్ మోర్విద్, టీ చల్లారిపోతోంది" అన్నాడు మాంసం కొట్టు గెరెంట్. "నీ వీధి, నీ ఓటు. ఇందులో ఆలోచించేదేముంది?"

"సొంత వీధి మీద తనే ఓటేయొచ్చా?" ఎలునెడ్ గొణిగింది. ఆ వీధి గుంతల గురించి ఫిర్యాదులు విని విని విసిగిపోయిన మనిషి ఆమె.

"ఆ లెక్కన కుక్కల పెంట మీద మనమెవరం ఓటేయకూడదు. అందరికీ కుక్కలున్నాయి" అన్నాడు గెరెంట్.

నవ్వబోయినవాళ్ళు ఇద్వాల్‌ను చూసి ఆగిపోయారు.

గుమాస్తా హైడన్ కళ్ళజోడు సర్దుకున్నాడు. "మోర్విద్ గారూ, చెప్పడం నా పని కాబట్టి చెబుతున్నా. వీధి అటు పోతే మీక్కూడా ఇక్కడ చోటుండదు. లౌరి దగ్గర... మీకు తెలుసు కదా."

"తెలుసు నాయనా."

"ఇద్వాల్‌కి కూడా..."

"అదీ తెలుసు."

గెరెంట్ వెనక్కి తిరిగాడు. "నువ్వే అడుగు ఇద్వాల్. నువ్వడిగితే కాదంటుందా?"

ఇద్వాల్ ఊపిరి కూడగట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. "మా అమ్మ అక్కడుంది. నాకూ అక్కడే పడుకోవాలనుంది. అంతకుమించి నేనడగలేను. ఆవిడ ఎటేసినా నాకు సమ్మతమే."

ఆ మాటకు, వీధి పోతే పోనిమ్మని చేయెత్తిన ఎలునెడ్ కూడా రుమాలు తీసింది.

"ట్రెవెర్న్‌లో కలపడానికే నా ఓటు" అంది మోర్విద్.

గెరెంట్ కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "మతి పోయిందా నీకు? పోయేవాడి చోటు లాక్కుంటావా? నీ కూతురి సమాధి చూసుకున్నవాడే వాడు."

"రాసుకో హైడన్."

"వాడి సంగతి సరే, నీ సంగతేంటి? రేపు నిన్ను ట్రెవెర్న్‌లో ఎవరో ముక్కూమొహం తెలీనివాళ్ళ మధ్య పూడుస్తారు. ఇక్కడ లౌరి ఒక్కతే ఉండాలా?"

"ఉండనీ" అంది మోర్విద్. "ఒక్కతే ఉండనీ."

ఆ సాయంత్రం టీ ఎవరూ తాగలేదు. ఒక్కొక్కరే కోటు వేసుకుంటూ ఆమె ముందు ఆగి, ఎందుకిలా చేశావని అడిగారు. కొందరు మెల్లగా అడిగారు, కొందరు తిట్టినట్టు అడిగారు. ఆమె బల్ల మీది కాగితాలు సర్దుతూ కూర్చుంది.

అడగనివాడు ఇద్వాల్ ఒక్కడే. తల వంచుకుని, చక్రాలు తనే తిప్పుకుంటూ, ఆయాసపడుతూ తలుపు దాకా వెళ్ళాడు. అతను కనిపిస్తే చాలు, తలుపు తెరవడానికి ముందుగా లేచే మోర్విద్ కుర్చీలోంచి కదలలేదు.

అంతకుముందు ఆదివారం ఇద్వాల్ ఆమె చేయి పట్టుకుని, ఆనాడు వానలో లౌరిని కారుతో గుద్ది ఆగకుండా వెళ్ళిపోయింది తానేనని చెప్పాడు.