అక్క ముఖంలో నీడ

"ఇదెవర్రా?" అంది అక్క, బొమ్మని చేతి దూరంలో పట్టుకుని.

టచప్ మాస్టారు బొమ్మ వంకా అక్క వంకా మార్చి మార్చి చూశాడు. ఇంతసేపూ ఎదురుగా స్టూలు మీద కూచున్నది అక్క. కాగితం మీదున్నదీ అక్కే. ముక్కుకి ముక్కు, మూతికి మూతి, బుగ్గ మీది పుట్టుమచ్చతో సహా దించాడు.

"నువ్వేనే అక్కా."

"నేనా! గుర్తింపు కార్డు మీద ఫొటోలా ఉంది. అదీ నాది కాదు, ఇంకెవరిదో."

డ్రాయింగ్ క్లాసంతా గొల్లుమంది. అక్క పక్క ఈజిల్ వైపు నడిచింది. అక్కడున్న బొమ్మ చూసి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"అమ్మయ్యో! ఇదిగో, ఇది నేను. అచ్చం నేనే!"

ఆ ఈజిల్ టైలరమ్మది.

తల్లి పోయాక తనని చంకనేసుకుని పెంచిన అక్క, నలుగురిలో పరాయిది గీసిన బొమ్మని మెచ్చుకుంది. ఎవరికి చెప్పుకోవాలి?

ఆయన్ని టచప్ మాస్టారని ఊరికే అనరు. ఫొటో స్టూడియోలో కూచుని సన్నటి కుంచెతో ఊరందరి మొటిమలూ ముడతలూ మాయం చేసిన మనిషి. ఎవరి ముఖంలో ఏ గీత ఎక్కడుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. ఆ పనులన్నీ కంప్యూటర్లు ఎత్తుకుపోయాక ఈ ఆదివారం క్లాసులో చేరాడు. ముఖాలు గీయడం తనకి వెన్నతో పెట్టిన విద్య అనుకున్నాడు. అందరూ అలాగే అనుకున్నారు, టైలరమ్మ వచ్చేదాకా.

చొక్కాలూ గౌన్లూ కుట్టుకునే మనిషి. ఉన్నట్టుండి కొట్టు మూసేసి, పెన్సిలు పట్టుకుంది.

"ఎందుకు మానేశారండీ?" అని మొదట్లో మర్యాదకే అడిగాడు.

"ఎన్నాళ్ళని సూదిలో దారం ఎక్కిస్తామండీ," అని నవ్వేసింది. నాలుగు డబ్బులు వెనకేసుకుని ఉంటుంది, అందుకే ఆ పొగరు అనుకున్నాడు.

పొగరు కాకపోతే మరేమిటి? మొన్న బజార్లో ఎదురుపడితే తను నమస్కారం పెట్టాడు. చెట్టుకో పుట్టకో పెట్టినట్టయింది. పక్కనుంచే వెళ్ళిపోయింది. ఒకసారి పెద్దమనసు చేసుకుని తన బొమ్మ చేతికిచ్చి ఎలా ఉందో చెప్పమన్నాడు. ముక్కు దగ్గరికి తెచ్చుకుని, అటూ ఇటూ తిప్పి, "కాగితం మంచిది కొన్నారండీ," అంది.

కాగితమట! ఆ రాత్రి ఆయనకి కునుకు పడితే ఒట్టు.

డ్రాయింగ్ టీచరు ఆయన కూతురి వయసు పిల్ల. ఆ పిల్లకీ టైలరమ్మే గొప్ప.

"మాస్టారూ, మీరు వెంట్రుకలు లెక్కపెడుతున్నారు. కళ్ళు సగం మూసి చూడండి. చిన్నాచితకా అన్నీ పోయి వెలుగూ నీడా మిగులుతాయి. ముందు అవి దిద్దండి. ముఖం దానంతటదే లేస్తుంది."

అక్క మళ్ళీ స్టూలు మీద కూచున్నాక ఆయన కళ్ళు సగం మూశాడు. నిద్రొచ్చింది కానీ నీడ రాలేదు. గడ్డం కింద మసి పూసినట్టు, ముక్కు పక్కన దెబ్బ తగిలినట్టు వచ్చింది. ఓరకంట పక్కకి చూశాడు. టైలరమ్మ చికిలించనైనా చికిలించడం లేదు. కళ్ళు బార్లా తెరుచుకునే, పెన్సిలు పడుకోబెట్టి, చెంప కింద మెత్తగా నలుపు నింపుతోంది. పెన్సిలు తగలని చోట అక్క నుదురు వెలుగుతోంది.

ఆయన రబ్బరు తీసుకుని తన నీడలన్నీ చెరిపేశాడు.

మరుసటి ఆదివారం అదే బొమ్మ పూర్తి చేయాలి. అందరూ టీ తాగడానికి వరండాలోకి వెళ్ళారు. ఆయన ఒక్కడే వెనకపడి, అక్క స్టూలుకి ఎడంపక్కనున్న లైటుని చల్లగా ఎదురుకి తిప్పేశాడు. ముఖం మీద నీడన్నది లేకుండా పోతుంది. ఏం గీస్తుందో చూద్దాం!

అందరూ వచ్చి కూచున్నారు. అక్కా కూచుంది. టీచరు గమనించలేదు. ఎవరి పెన్సిలు వాళ్ళు పట్టుకున్నారు. టైలరమ్మ చెయ్యి ఒక్కటే గాల్లో ఆగిపోయింది.

"లైటు ఎవరో తిప్పారండీ. అక్కగారి ముఖం పోయింది."

"ఎక్కడికి పోతుందమ్మా, మెడ మీదే ఉందిగా!" అంది అక్క. మళ్ళీ నవ్వులు.

టీచరు లైటు యథాస్థానానికి జరుపుతూ, "భలే పట్టారండీ! నేనే చూసుకోలేదు," అంది. తేలు కుట్టిన దొంగలా మాస్టారు తలొంచుకుని పెన్సిలు చెక్కుకున్నాడు. చెక్కీ చెక్కీ సగం పెన్సిలు అరిగిపోయింది.

క్లాసు అయిపోయింది. అక్క తిన్నగా టైలరమ్మ దగ్గరికే వెళ్ళింది.

"ఆ బొమ్మ నాకిస్తావా తల్లీ? ఫ్రేము కట్టించి మా హాల్లో పెట్టుకుంటాను."

"తప్పకుండా తీసుకోండి."

తను రోజూ కూచుని కాఫీ తాగే హాలు అది. ఇకమీదట పొద్దున లేస్తే ఆవిడగారి పనితనం చూస్తూ కాఫీ మింగాలి. మాస్టారికి ఒళ్ళంతా కారం రాసుకున్నట్టయింది.

అక్క బొమ్మని చంకలో పెట్టుకుని మెట్లు దిగింది. మిగతావాళ్ళూ వెళ్ళిపోయారు. టైలరమ్మ పెన్సిళ్ళు ఒక్కొక్కటే తడిమి డబ్బాలో సర్దుకుంటోంది. ఆయన పళ్ళు నూరుకుంటూ గుమ్మం దాకా వెళ్ళాడు. ఆగాడు. వెనక్కొచ్చాడు. అడగాలంటే ప్రాణం పోయినంత పనైంది, అయినా అడిగేశాడు.

"చూడండమ్మా, మీరంటే నాకు కుళ్ళు. దాచుకోను. ఆ లైటు తిప్పింది కూడా నేనే. నేను పుట్టి బుద్ధెరిగాక చేసిన పని ముఖాలు చూడటం ఒక్కటే. నాకు రానిది మీకెలా వచ్చింది? ఆ రహస్యమేదో చెప్పండి, మీకు పుణ్యముంటుంది."

ఆవిడకి కోపం రాలేదు. పెన్సిళ్ళ డబ్బా మూత పెట్టి, నవ్వింది.

"రహస్యమేముందండీ, మీ కళ్ళకి అక్కగారి ముఖం కనిపిస్తోంది కాబట్టి మీరు ముఖం గీస్తున్నారు, నాకు చూపు పోతూ పోతూ వెలుగూ నీడా రెండే మిగిలాయి కాబట్టి నేను వాటినే గీస్తున్నాను."