శనివారం చదివే పేరు

“అందులో కూర్చోకండి. అది సరోజిని కుర్చీ.”

సగం వంగిన గోవర్ధనరావు గబుక్కున లేచి పక్కనున్న బల్ల మీద కూర్చున్నాడు. విజయవాడ నుంచి బందరు దాకా జీపులో వచ్చిన నిఘా విభాగం ఆఫీసరు ఆయన. అనుమానితుల ఇళ్లలో ఎక్కడ కూర్చోవాలో ఇంతవరకూ ఆయనకెవరూ చెప్పలేదు.

“ఆ సరోజిని గారితోనే పనండీ,” అన్నాడు ఫైలు విప్పుతూ. “ఆవిడ మీద ఒక దేశం ఫిర్యాదు చేసింది.”

“దేశమా!” ప్రకాశరావు కళ్లజోడు సర్దుకున్నాడు. పోస్టాఫీసులో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరైన మనిషి. “పక్కింటివాళ్లు కూడా ఎన్నడూ చెయ్యలేదండీ.”

“పసిఫిక్ సముద్రంలో ఒక దీవి. పెద్ద దేశం నుంచి విడిపోతామని అక్కడ కొందరు తిరగబడ్డారు. వాళ్లకో దొంగ రేడియో. దానికి ఈ ఇంటి నుంచి తొమ్మిదేళ్లుగా వారం వారం ఉత్తరం వెళ్తోంది. తమ అంతర్గత వ్యవహారంలో ఇది విదేశీ జోక్యం, వేర్పాటువాదులకి మద్దతు అని ఆ ప్రభుత్వం ఢిల్లీకి అభ్యంతరం రాసింది. ఢిల్లీ మా మీద పడింది. ఉత్తరాలన్నీ దారిలో విప్పి నకళ్లు తీశారట.”

“ఒకరి ఉత్తరం విప్పారా!” ప్రకాశరావుకి నిజంగానే కోపం వచ్చింది. “అదేం బుద్ధండీ?”

“ముందిది వినండి. ‘మీ ప్రసారం స్పష్టంగా వినబడింది. ఇక్కడ వాయుగుండం పట్టింది. ఈ ఏడు ఆవకాయలో కారం ఎక్కువైంది. మీరంతా క్షేమమని తలుస్తాను.’ ఆవకాయ అంటే ఏ రకం ఆయుధమని అడుగుతున్నారండీ వాళ్లు.”

“కారం ఎక్కువైన మాట నిజమే.”

గోవర్ధనరావు నవ్వు ఆపుకున్నాడు. “నవ్వులాట కాదు. మూడేళ్ల కిందట చేతిరాత మారింది. కాబట్టి ఇది ఒక్కరి పని కాదు, ముఠా అని వాళ్ల అనుమానం.”

“ఆ ముఠా నేనే. ఆవిడకి చెయ్యి వణికేది. కలం నేను తీసుకున్నాను.”

“వందనాలండీ,” అంటూ కూతురు హెప్సిబా టీ తెచ్చింది. గుడివాడలో నర్సు. డ్యూటీ నుంచి అప్పుడే వచ్చినట్టుంది, భుజాన సంచీ అలాగే ఉంది.

“అమ్మా, మీ అమ్మగారిని ఒకసారి పిలుస్తారా? ఇకమీదట రాయనని ఒక్క సంతకం పెడితే నా పనైపోతుంది.”

హెప్సిబా తండ్రి మొహంలోకి చూసింది. “టీ చల్లారిపోతుందండీ,” అని లోపలికి వెళ్లిపోయింది.

“పోనీ, ఆ భాష వచ్చా మీకు?” అన్నాడు గోవర్ధనరావు.

“ఒక్క ముక్క రాదు.”

“మరెందుకండీ ఈ గోల?”

ప్రకాశరావు మూలనున్న పాత రేడియో వైపు చూశాడు.

“సరోజినిది దివిసీమ. ఉప్పెన నాటికి పదమూడేళ్లు. ఇల్లు లేదు, ఊరు లేదు. శిబిరంలో చేర్చారు. సాయంత్రం ఆరింటికి ఒకాయన మైకులో పేర్లు చదివేవాడట. ఎవరి కోసం మనిషొస్తే వాళ్ల పేరు. మూడు రోజులు ఆ మైకు కిందే కూర్చుంది. నాలుగో రోజు మేనమామ వచ్చాడు. తన పేరు చెవిన పడ్డాక గానీ బతికున్నానని నమ్మకం కలగలేదట. పేరు చదివినంత కాలం మనిషి ఉన్నట్టే అనేది. పెళ్లైన కొత్తలో పాటల ప్రోగ్రాములన్నిటికీ ఉత్తరాలు రాసేవాళ్లం. పేరు చదివారంటే ఆ పూట ఇంట్లో పాయసం! ఎంత బాగుండేవండీ ఆ రోజులు.”

“మా నాన్నగారికీ ఇలాంటి సెట్టే ఉండేది,” అన్నాడు గోవర్ధనరావు, తెలియకుండానే గొంతు తగ్గించి. “వార్తల టైముకి చీమ చిటుక్కుమనకూడదు.”

“ఇప్పుడు ఉత్తరాలు చదివేదెవరు? ఒకనాడు ముల్లు తిప్పుతుంటే ఈ దీవి తగిలింది. దీవి పేరూ చిరునామా మాత్రం ఇంగ్లీషులో చదివారు. పాపం వాళ్లదీ దీవేగా అని రాసింది. నెల తిరక్కుండా పేరు చదివారు. అప్పట్నుంచి ప్రతి శనివారం చదువుతున్నారు. ఉత్తరం ఆగితే అది ఆగిపోతుందండీ. నాకదే భయం.”

ఆ రోజు శనివారం. గోడ గడియారం ఆరు కొట్టింది. ప్రకాశరావు లేచి, కుర్చీని రేడియో వైపు తిప్పి, మీట నొక్కాడు. కాసేపు గరగర. తర్వాత ఎవరో ముసలాయన బొంగురు గొంతు, తెలియని భాష. చివర్లో ఆ గొంతు ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ అంది:

“సరో... జినీ. మచ్చిలీ... పట్నామ్.”

“హమ్మయ్య,” అన్నాడు ప్రకాశరావు. కళ్లు తుడుచుకున్నాడు.

గోవర్ధనరావు ఫైల్లో చివరి కాగితం తీశాడు.

“ఇది మీకు చెప్పకూడదు. అక్కడ గొడవ అయిదేళ్ల కిందటే చల్లారింది. అందరూ తుపాకులు దించేశారు. కొండల్లో ఒక్కడే మిగిలాడు, ఈ రేడియో ముసలాయన. ఆపమని కబురు పెడితే రేడియోలోనే జవాబిచ్చాడట. ‘ఇండియాలో సరోజిని గారు వింటుంటారు. ఆవిడ మానేసిన రోజు నేనూ మానేస్తాను’ అని. అందుకే, ఎలాగైనా ఆవిడ చేత మాన్పించండని ఆ ప్రభుత్వం వాళ్లు పట్టుబట్టారు.”

ప్రకాశరావు రేడియో మీట నొక్కి ఆపాడు.

“అయితే మాననని రాసుకోండి,” అన్నాడు.

గోవర్ధనరావు కలం తీశాడు. ‘శ్రోత నిరాకరించారు. వీరి వల్ల ఏ దేశానికీ ప్రమాదం లేదు’ అని రాసి, సంతకం పెట్టి ఫైలు కట్టేశాడు.

వరండాలో బూట్లు తొడుక్కుంటూ హెప్సిబాతో మెల్లగా అన్నాడు. “పెద్దావిణ్ణి లేపి ఇబ్బంది పెట్టను. గుమ్మంలోంచే ఒక నమస్కారం పెట్టి వెళ్తాను. ఏ గదిలో ఉన్నారమ్మా?”

హెప్సిబా ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. తండ్రి అప్పుడే కొత్త కవరు మీద స్టాంపు అంటిస్తున్నాడు.

“అమ్మ పోయి మూడేళ్లయిందండీ.”