ఒంటిచెప్పు పార్టీ

కుడి చెప్పు కుక్క ఎత్తుకుపోయింది కాబట్టి ఆ రోజు ఒంటి చెప్పుతో ఆఫీసుకొచ్చాను. అంతకుమించి నాకే సిద్ధాంతమూ లేదు.

పక్క సీటాయన నా కాళ్ల వైపు చూశాడు. కారణం అడక్కుండానే తన కుడి చెప్పు విప్పి సొరుగులో పెట్టేశాడు. "మీరెలాగో మేమూ అలాగే గురూ!" అన్నాడు. మధ్యాహ్నానికల్లా నావాళ్లు పదకొండుమంది ఎగుడుదిగుడుగా నడుస్తూ టీకి బయల్దేరారు.

నేనంటే గిట్టనివాళ్లు ఊరుకుంటారా? రెండు చెప్పులూ టపటపలాడిస్తూ వరండాలో పచార్లు మొదలెట్టారు. అందరికంటే ముందు స్టోర్‌కీపర్. మా ఎదురింట్లోనే ఉంటాడు, తొమ్మిదేళ్లుగా మాకు మాటల్లేవు. ఎటూ తేల్చుకోలేని మేనేజరుగారు ఆ పూటంతా కాళ్లు బల్ల కిందనుంచి బయటికి తియ్యలేదు.

సాయంత్రం లిఫ్టులో నేనూ స్టోర్‌కీపరూ ఇద్దరమే పడ్డాం. ఆయన మొహం చూడలేక కిందికి చూశాను. రెండూ నల్ల చెప్పులే. కానీ కుడి చెప్పు వారుకి నీలం దారంతో వంకర కుట్టు. ఆ వంకర నా చేతిదే.

"అది నా చెప్పు!"

"మెల్లగా అనండి బాబూ! పొద్దున నా కుడి చెప్పు మాయం. గుమ్మం ముందు ఇది పడుంది. మనిద్దరిదీ ఒకటే కుక్కనుకుంటా."

"అయితే ఇచ్చెయ్యండి."

ఆయన గబుక్కున కాలు వెనక్కి లాక్కున్నాడు.

"ఇచ్చేస్తే నేనూ మీ పార్టీ అయిపోనూ?"