కందకాల మధ్య కబురు

“ఒరే దోబ్రీ, ఉన్నావా, పోయావా?” వితోమీర్ సెర్బియన్ల కందకంలోంచి అరిచాడు.

“నిన్ను పంపకుండా నేనెలా పోతాను బావా!” యాభై అడుగుల అవతల, బల్గేరియన్ల కందకంలోంచి జవాబొచ్చింది.

సెర్బియా సైనికులు నవ్వారు. రెండేళ్లుగా ఆ కొండ మీద పగలంతా కాల్చుకోవడం, పొద్దు వాలితే ఈ కబుర్లు. ఆ కాసేపూ రెండు వైపులా తుపాకులు నోరు మూసుకునేవి.

వితోమీర్ ఊరు లిపోవికా శత్రువుల చేతిలో ఉంది. అక్కడ కాపలా కాసి వచ్చానని దోబ్రి ఒకసారి అన్నాడు. అప్పటినుంచి వితోమీర్ సాయంత్రాల కోసమే బతుకుతున్నాడు.

“గేటుకి నీలం రంగు వేశాను. ఉందా?”

“వెలిసింది. నువ్వే వచ్చి వెయ్యాలట.”

“మా ఆవిడ స్తామెనా అందా ఆ మాట?”

“అరిచి మరీ అంది.”

వితోమీర్ కందకం అంచుకు జరిగాడు. “మా పాప... నేనొచ్చేనాటికి పాకేది.”

“ఇంకా పాకడమేంటి! బాతుల్ని తరిమి కొడుతోంది. ముక్కు మాత్రం నీదే, పాపం.”

పక్కనున్న స్రేతెన్ మొహం చిట్లించాడు. “శత్రువు నోట పెళ్లాం కబుర్లు వింటావా? సిగ్గులేదూ?”

“లేదు. పెళ్లాం ఉంటే నీకూ ఉండదు.”

1918 సెప్టెంబరులో ఫిరంగులు ఆ కొండను దున్నేశాయి. “కొండ మీది ఈ శత్రువు గోడ కూలితే మహాయుద్ధమే కూలుతుంది,” అన్నాడు కెప్టెన్. సెర్బియన్లు కందకాల్లోంచి లేచి దూకారు. గోడ కూలింది. ఆపైన వాళ్లను ఎవరూ అందుకోలేకపోయారు. సాయంగా వెంట వచ్చిన ఫ్రెంచి గుర్రపు దళాలు కూడా వెనకబడ్డాయి. ఇంటికి పోయేవాడి నడక అది. సెర్బియాలో ఎన్ని ఇళ్లలో ఎదురుచూసే మనుషులు మిగల్లేదో దారిలో చాలామంది చెప్పారు. వితోమీర్ చెవిన పెట్టలేదు.

రెండు వారాలకు బల్గేరియా ఆయుధాలు దించింది. ఆ రోజు దారి పక్కన ఖైదీల గుంపులో ఒకడు నీళ్లడిగాడు. వితోమీర్ ఆ గొంతు గుర్తుపట్టాడు.

“దోబ్రీ! నువ్వేనా? ఇంత బక్కోడివా!”

సగం రొట్టె విరిచి వాడి చేతిలో పెట్టాడు. “లిపోవికా ఇంకెంత దూరంరా, నాలుగు రోజులు! నీ పేరు స్తామెనాకి చెప్తాను. పాపకి కూడా.”

దోబ్రి రొట్టె తినలేదు. తలెత్తలేదు.

“నన్ను కొట్టు బావా.”

“ఎందుకురా?”

“నేను లిపోవికా ఎన్నడూ చూడలేదు.”