శుక్రవారం అంబలి

"ఆమెన్" అని అందరూ కళ్ళు తెరిచేసరికి ఆ ఆడమనిషి మళ్ళీ చర్చి గుమ్మంలో నిలబడి ఉంది.

రాహేలుకు ఒళ్ళు మండింది.

పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా ఉపవాస ప్రార్థనలో కూర్చున్నది తాము. ఈవిడగారు మాత్రం ప్రతి శుక్రవారం ప్రార్థన ముగిసి, అంబలి గిన్నె మూత తీసే వేళకు చెప్పులు విడిచి లోపలికి వస్తుంది. వరుసలో కూర్చుంటుంది. రెండు గ్లాసులు తాగుతుంది. వచ్చిన దారినే పోతుంది.

గరిటె రాహేలు చేతిలోనే ఉంది. ఒక గ్లాసు పోసింది. రెండోదానికి ఆమె చెయ్యి చాపగానే ఆగింది.

"ఏమ్మా, ఏ ఊరు మీది?"

"ములుగు దిక్కమ్మా. నా పేరు పూలమ్మ."

"ప్రార్థనకు ఒక్కనాడన్న రావు. అంబలికైతే మంచిగ టైముకొస్తవు."

ఎవరో నవ్వారు. పూలమ్మ తల దించుకుంది.

"మా ఆయన పేరు గూడ జర ప్రార్థనల చెప్పుండ్రి అమ్మా. పోశయ్య. గీ పక్క దవాఖానల్నే ఐసీయూల ఉన్నడు. నన్ను లోపటికి రానిస్తలేరు."

"మరి పొద్దుగాల వచ్చి మోకాళ్ళేసి నువ్వే చెప్పుకో. కడుపు నిండినంక చెప్తె ఎట్ల?"

"పొద్దుగాల నాకు వీలుగాదమ్మా."

"మాకు వీలైతాందా? నా పెనిమిటికి పక్షవాతం. మాట లేదు, కుడి చెయ్యి లేవది. అసుంటి మనిషిని వార్డుల ఒక్కన్నే ఇడిసిపెట్టి వచ్చిన నేను."

"ఎరుకేనమ్మా."

"ఎరుకైతే గిట్ల మాట్లాడకపోదువు."

పూలమ్మ గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళిపోయింది.

"ఇంకో గ్లాసు పోస్తె ఏం పోయేదక్కా," అంది పాస్టరుగారి కోడలు కీర్తన.

"నువ్వు ఊకో."

అనడానికైతే అంది గానీ, గిన్నెలు తోముతున్నంతసేపూ రాహేలు మనసు మనసులో లేదు.

చర్చి సందు దాటితే పెద్ద దవాఖాన. పరుగులాంటి నడకతో వార్డుకు వచ్చింది. ప్రతి శుక్రవారం ఇదే భయం. చూసుకోవడానికి ఇంకో మనిషి లేదు. మంచం మీంచి పడ్డాడేమో, గొంతెండిపోయిందేమో, పక్క తడిసిందేమో. ప్రార్థనలో కళ్ళు మూసుకుంటే దేవుడికంటే ముందు ఆ మంచమే కనబడేది.

జ్ఞానప్రకాశం దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. దుప్పటి పొడిగా ఉంది. ఎప్పటిలాగే.

"అంతా నీ కృప తండ్రీ," అనుకుంది రాహేలు. ఎవరినైనా అడగాలని ఆమెకు ఎన్నడూ తోచలేదు. చూసే మనిషి లేకున్నా దేవుడే కాపాడుతున్నాడని ప్రతి శుక్రవారం సాక్ష్యంగా చెప్పేది. అందరూ స్తోత్రం అనేవారు.

జ్ఞానప్రకాశం ఎడమ చేత్తో తలుపు వైపు చూపించి "ఊ... ఊ..." అన్నాడు.

"పోదాం తియ్యి ఇంటికి. డాక్టరు చెప్పనియ్యి."

అతను విసుగ్గా కళ్ళు మూసుకున్నాడు.

ఆ వారమంతా రాహేలుకు కుదురు లేదు. అన్నం ముందు కూర్చుంటే పూలమ్మ దించుకున్న తల గుర్తొచ్చేది. తిండికోసమే వస్తేనేం, ఆకలికి వచ్చినదాన్ని అందరి ముందూ అన్నానే అని తనను తానే తిట్టుకుంది. రెండుసార్లు ఐసీయూ మెట్ల దాకా పోయింది. ఏ ముఖం పెట్టుకుని పలకరించాలో తెలియక తిరిగొచ్చింది.

శుక్రవారం ప్రార్థన మొదలవగానే లేచి నిలబడింది.

"పోశయ్యని, ములుగాయన. ఐసీయూల ఉన్నడు. అందరు ఆయన కోసం గట్టిగ ప్రార్థన చెయ్యుండ్రి."

భర్త పేరుకంటే ముందు ఆ పేరే చెప్పింది. అంబలి వడ్డించేటప్పుడు చిక్కటిది డబ్బాలో పోసి పక్కన పెట్టింది. చూపంతా గుమ్మం మీదే ఉంది.

పూలమ్మ రాలేదు.

"కోపమొచ్చిందేమో అక్కా," అంది కీర్తన.

"రాదా మరి? నేనే పోయి ఇచ్చొస్త. తప్పయిందని చెప్పొస్త."

గిన్నెలు కీర్తనకు వదిలేసి డబ్బా పట్టుకుని బయల్దేరింది. ముందు భర్తను ఒక్కసారి చూసి, అటునుంచి ఐసీయూకు పోదామనుకుంది.

వార్డులో అడుగు పెట్టగానే వాసన కొట్టింది. దుప్పటి తడిసి ముద్దయింది. జ్ఞానప్రకాశం ఒక పక్కకు ఒరిగిపోయి ఉన్నాడు. పెదాలు ఎండిపోయాయి. రాహేలు డబ్బా కింద పెట్టి, అతన్ని లేపి కూర్చోబెట్టి, గుక్కెడు నీళ్ళు తాగించింది.

పక్క మంచం ముసలాయనను స్కానింగుకు తీసుకుపోయిన కోడలు సుకన్య అప్పుడే ఆయనతో తిరిగొచ్చింది.

"అయ్యో, నేనుంటె చూద్దునమ్మా. ఇయ్యాల మీ అక్క లేదన్నది యాదికి లేకపాయె."

"నాకు అక్క ఎవరున్నరు?"

"గదే, పూలమ్మక్క. పాపం, రాత్రి ఐసీయూల ఆమె పెనిమిటి పానం పోయింది. తెల్లారంగనే శవాన్ని తీస్కొని ములుగు పోయిన్రు."

తడి దుప్పటి లాగుతున్న రాహేలు తలెత్తింది.

"ఆమె ఈడికెందుకొస్తది?"

సుకన్య ఆమెను వింతగా చూసింది.

"ప్రతి శుక్రవారం నువ్వు ప్రార్థనకు పోంగనే వచ్చి, నువ్వు ఉపాసం ఉన్నవని తను గూడ ఏం ముట్టకుంట, పొద్దంత ఈయనను తుడుసుకుంట తినిపిచ్చుకుంట కూసునేది, ఆమె నీ సొంత అక్క కాదా?"